మంచి మురికి

గాజు గొట్టంలోకి తొట్టినీళ్ళు పట్టి, ఒక సీసాలోంచి కొన్ని చుక్కలూ ఇంకో సీసాలోంచి కొన్ని చుక్కలూ వేసి, మూత బిగించి ఊపి కిటికీ గట్టు మీద నిలబెట్టాక రంగు తేలేదాకా చేసే పనేమీ లేదు, అందుకని డోరీన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఆమెకి బుద్ధి తెలిసినప్పటినుంచీ చేతకాని పని. నీళ్ళు పసుపుగా ఉండిపోతే గండం గడిచినట్టు, ఆకుపచ్చకి తిరిగితే అమోనియా ఉన్నట్టు, ఆకుపచ్చ ఎంత ముదిరితే అంత విషం, నిన్న కాస్త లేతగానే వచ్చింది కదా, మొన్నటికంటే నయమే కదా, లేక నిన్న దీపం వెలుగులో చూడబట్టి నయంగా కనిపించిందా, ఇవాళ కిటికీ దగ్గర మంచు వెలుతురుంది, మంచు వెలుతురు అబద్ధం చెప్పదు. కిటికీ అవతల అప్పుడే పొద్దు వాలిపోతున్నట్టుంది, గడ్డకట్టిన సరస్సూ దాని ఒడ్డున ధాన్యం పైకెత్తి నిలవచేసే ఎలివేటర్ గోదాములూ అన్నీ ఒకటే బూడిద రంగు. ఆ కిటికీకి ఎదురుగా చక్రాల కుర్చీలో మామగారు ఐమో, తొట్టికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ వీపుని చూడలేక ఆమె తొట్టినే చూసింది. తొట్టిలో, గులకరాళ్ళ మీద, అమ్మగారు పక్కకి ఒరిగి పడుకుని ఉంది.

అమ్మగారంటే చేప. నారింజ రంగు ఒళ్ళు, మూడు నల్లపట్టీలు, మూతి కింద మీసాలు, జానెడు పొడుగు. అత్తగారు ఇర్యా దాన్ని వేలెడంత పిల్లగా ఇంటికి తెచ్చిన రోజునే అది తొట్టిలో ఉన్న చేపలన్నిటినీ ఒక మూలకి తరిమేసి నడిమధ్యన కూర్చుందట, "ఓహో, అమ్మగారు వేంచేశారు" అందట ఇర్యా వాళ్ళ ఫిన్నిష్ మాటలో, అంతే, ఆ పేరే నిలిచిపోయింది. మా పెర్రీకి మీసాలు రాకముందే దీనికి మీసాలున్నాయి అని నవ్వేది ఇర్యా, పెర్రీ ఇప్పుడు మీసాలు నెరిసి డోరీన్‌కి మొగుడు, ఇర్యా ఎప్పుడో పోయింది, అమ్మగారు మాత్రం ఉంది. ఈ జాతి చేప పక్కకి ఒరిగే నిద్రపోతుంది, అచ్చం చచ్చినట్టు, అదో వేషం దానికి. పెళ్ళికి ముందు మొదటిసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు డోరీన్ దాన్ని చూసి "అయ్యో, చేప చచ్చిపోయింది!" అని కేక పెట్టింది, బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వారు, ఐమో ఒక్కడే నవ్వలేదు, బంగాళాదుంప నమలడం పూర్తిచేసి, "పడుకుంది, అంతే" అన్నాడు, మళ్ళీ ఇంకో బంగాళాదుంప తీసుకున్నాడు. ఆ పూట ఆమెతో ఆయన మాట్లాడింది ఆ మాటే. ఇప్పుడూ అదే చేప, అదే ఒరగడం, ఇది నిద్రో కాదో చెప్పగలిగిన మనిషి ఈ గదిలో ఒక్కడే ఉన్నాడు, ఆయన ఇటు తిరగడు. మొప్పలు కదులుతున్నాయా, కదులుతున్నాయి, గబగబా కదులుతున్నాయి, నిద్రపోయే ప్రాణి అంత గబగబా ఊపిరి తీస్తుందా.

పెళ్ళయిన కొత్తలో ఆయన్ని "నాన్నా" అని పిలవబోయింది డోరీన్. "నా పేరు ఐమో" అన్నాడు. కసురుకున్నట్టు కాదు, దారి అడిగినవాళ్ళకి వీధి పేరు చెప్పినట్టు. అప్పటినుంచీ పేరే. ఆమె చేసిన కూర తిన్నాడు, బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు, ఆమె కుట్టిన దుప్పటి కప్పుకున్నాడు, తుడిచిన నేల మీద బూట్లు విప్పి మరీ నడిచాడు, అది మర్యాద, మర్యాదకేం లోటు చెయ్యలేదు, కానీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "మంచిపిల్లవే" అంటే ఆయన సొమ్మేం పోయేది అని ఆమె ఎన్నిసార్లు అనుకుందో దేవుడికే తెలుసు. ఎలివేటర్లో ధాన్యం దుమ్ము మింగుతూ బతికిన మనిషి, ఆ దుమ్ముతోపాటు మాటలు కూడా మింగేశాడని ఇర్యా అనేది. ఉన్న కాసిని మాటలూ పోయిన చలికాలం పక్షవాతం పట్టుకుపోయింది. కుడిచెయ్యి పోయింది, కుడికాలు పోయింది, నోట్లో మిగిలింది ఒకటే మాట, "నో నీన్", వాళ్ళ భాషలో దానికి సరే మరి అని అర్థం, పద అని అర్థం, చాల్లే అని అర్థం, చూశావా అని కూడా అర్థం, గొంతుని బట్టి. పునరావాస ఆసుపత్రి నుంచి పంపిస్తాం, ఇంటికా, ముసలివాళ్ళ సంరక్షణాలయానికా అని వాళ్ళు అడిగితే పెర్రీ ఆమె మొహం చూశాడు, ఆమె "మనింటికే" అంది. ఎందుకన్నావే అంటే ఏం చెప్పగలదు, జాలి అని చెప్పొచ్చు, కానీ నిజం అది కాదు, ఈసారైనా ఆయన తనని చూస్తాడని.

అందుకే ఆ తొట్టిని కడిగింది. కడిగిందంటే మామూలుగా కడిగిందా! ఆయన ఇల్లు ఖాళీ చేసి తొట్టిని ఇక్కడికి తెచ్చిన రోజున, చేపల్ని బకెట్లో ఉంచి, గులకరాళ్ళని జల్లెడలో పోసి మరిగే నీళ్ళతో, ఫిల్టర్లో ఉన్న స్పాంజిని బ్లీచ్‌లో నానబెట్టి, పిండి, మళ్ళీ నానబెట్టి, మళ్ళీ పిండి, అందులోంచి దిగిన గోధుమరంగు జిడ్డు చూసి ఛీ ఛీ, ఇన్నేళ్ళూ పాపం ఈ చేపలు ఇందులో ఎలా బతికాయి అనుకుంది. దంతవైద్యుడి దగ్గర ఆమె పని అదే, వెనకగదిలో, పళ్ళు పీకే పనిముట్లన్నీ ఆవిరియంత్రంలో ఉడికించి సంచుల్లో సీలు వెయ్యడం, కంటికి కనబడని పురుగు ఒక్కటి మిగిలినా మనిషి ప్రాణం మీదికి వస్తుందని ఆమెకి నేర్పారు, ఆమె ఇంకెందరికో నేర్పింది. అంతకుముందు అమ్మ. అమ్మ ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఉతికేది, ఇంటికొచ్చి దగ్గరికి తీసుకుంటే ఒళ్ళంతా బ్లీచ్ వాసన, డోరీన్‌కి ఇప్పటికీ ఆ వాసనొస్తే గుండె మెత్తబడుతుంది, ఎవరికైనా పువ్వుల వాసనకి అలా అవుతుందేమో, తనకి బ్లీచ్‌కి. జ్వరమొస్తే అమ్మ మందుకంటే ముందు పక్క మార్చేది. ప్రేమంటే తెల్లటి దుప్పటి, తుడిచిన గట్టు, మెరిసే గాజు, ఆ ఇంట్లో ఇంకో రకం ప్రేమ లేదు, అడిగినా దొరికేది కాదు. తొట్టిని అలా తోమింది ఆమె, అమ్మ దుప్పటి మార్చినట్టు.

కుర్చీలో ఆయన్ని లోపలికి తోసుకొచ్చినప్పుడు తొట్టి తళతళలాడుతోంది, నీళ్ళున్నాయా లేవా అన్నట్టుంది, చేపలు గాల్లో తేలుతున్నట్టున్నాయి. ఆయన చూశాడు. రాళ్ళని చూశాడు, ఫిల్టర్ని చూశాడు, ఎడమచెయ్యి ఎత్తి స్పాంజి వైపు చూపించి నోరు తెరిచాడు, మాట రాలేదు, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆనందం అనుకుంది! ఎంత వెర్రిబాగుల్ది, ఆనందం అనుకుని ఆయన భుజం తట్టింది, "బాగుంది కదూ ఐమో" అంది, ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కూడా ప్రాణం చచ్చిపోతోంది. కొన్నాళ్ళకి నీళ్ళు పాలు కలిసినట్టు తెల్లబడ్డాయి, మురికి పట్టిందనుకుని మొత్తం తీసేసి మళ్ళీ కడిగింది, ఆయన కుర్చీ చేతిని గుప్పిటితో కొడుతూ "నో నీన్, నో నీన్" అంటూనే ఉన్నాడు, తొందరగా కానియ్యమంటున్నాడనుకుంది. ఆ తర్వాత చిన్నచేపలు ఒక్కొక్కటే పైకొచ్చి నీటి అంచున నోళ్ళు తెరిచి గాలి మింగడం, తెల్లారేసరికి తేలడం. మొదటి చేప పోయినప్పుడు ఆయన చూశాడు, రెండోసారీ చూశాడు, ఆ తర్వాత ఎడమకాలితో నేలని తన్నుకుంటూ, తన్నుకుంటూ కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ పూట నుంచి ఆ ఒక్క మాట కూడా లేదు.

అప్పుడుగానీ ఆమె లోర్నాకి ఫోన్ చెయ్యలేదు, సిగ్గుతో. లోర్నా పెకార్స్కి ఐమోకి పాత నేస్తం, చర్చి నేలమాళిగలో కూడుకునే చేపలవాళ్ళ సంఘంలో ఇద్దరూ ఎప్పట్నుంచో ఉన్నారు, కూతురి దగ్గరికని విన్నిపెగ్ వెళ్ళి ఉంది. "ఏం చేశావే తల్లీ, సబ్బు గానీ పెట్టలేదు కదా?" అంది. "సబ్బు కాదు, బ్లీచ్. కానీ బాగా కడిగేశాను లోర్నా, వాసన కూడా లేదు." "వాసన లేకపోవడమే కదే ఖర్మ!" అంది ముసలావిడ. తర్వాత నెమ్మదిగా, పిల్లకి చెప్పినట్టు చెప్పింది, "చేప ఏం విడిచినా ఆ నీళ్ళలోనే కదా విడవాలి. దాన్ని తినే పురుగులుంటాయి, మన కంటికి కనబడవు, ఆ స్పాంజిలో, ఆ రాళ్ళమీద కాపురముంటాయి. అవి తింటే నీళ్ళు నీళ్ళలా ఉంటాయి. నువ్వేమో ఊరికి ఊరు తగలబెట్టావు. ఇప్పుడా చేప తన ఉచ్చలో తనే ఈదుతోంది." మళ్ళీ పుట్టవా అని అడిగింది డోరీన్. "పుట్టకేం, పుడతాయి. నెల పడుతుంది, ఇంకా పట్టొచ్చు. అక్కడే ఉంది తంటా. చేప విడిస్తేనే వాటికి తిండి, అవి పెరిగేలోపు ఆ తిండే చేపకి విషం. రెండూ బతకాలి. రోజూ మూడో వంతు నీళ్ళే తియ్యి, మొత్తం తీశావంటే చంపుతా నిన్ను. కొత్తనీళ్ళలో క్లోరిన్ విరిగే మందు వెయ్యి. మేత తగ్గించు. నేనొచ్చాక నా తొట్టిలోంచి మంచి మురికి పట్టిన స్పాంజి తెచ్చిస్తా." మంచి మురికి. ఆ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి ఇమడగలవని డోరీన్ ఏనాడూ అనుకోలేదు.

గొట్టంలో రంగు తేలింది. లేత ఆకుపచ్చ కాదు, నిన్నటిదీ కాదు, ముదురు. కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చూసింది, ఐమో ఆ గొట్టాన్ని చూశాడో, గొట్టం వెనక సరస్సునే చూశాడో తెలియదు, కళ్ళు మాత్రం కదిలాయి. "ఫరవాలేదు ఐమో, మారుస్తున్నా, ఇదిగో" అంటూ లేచింది. ఇక చేతులకి పని దొరికింది, పని దొరికితే ప్రాణం కుదుటపడుతుంది, రబ్బరు గొట్టం ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోటితో పీల్చి బకెట్లోకి వదిలింది, నోట్లోకి ఓ గుక్క రానే వచ్చింది, ఉమ్మేసింది, ఏం రుచీ లేదు, విషానికి రుచి ఉంటే ఎంత బావుండేది. మూడో వంతు దగ్గర ఆపింది. కుళాయి నీళ్ళు సరస్సులోంచి వచ్చినవి వచ్చినట్టు ఎముకలు కొరికేలా ఉంటాయి, కెటిల్లో కాచి కలిపింది, మందు వేసింది, మణికట్టు లోపలివైపు మీద పోసుకుని చూసింది, పసిపిల్లకి పాలు పట్టేముందు చూసుకున్నట్టు, ఆమెకి పిల్లలు లేరు, ఆ చూసుకోవడం ఇప్పుడు చేపకి చేస్తోంది. మగ్గుతో కొంచెం కొంచెం వంచి పోసింది. అమ్మగారి మీసం ఒకటి కదిలింది, నీటివాలుకి కదిలిందో అదే కదిపిందో. లే తల్లీ, లే. వేషాలు చాలు. ఎన్ని చేపల్ని తరిమావు నువ్వు, ఎందరిని మోసం చేశావు, నన్ను కూడా చేశావు కదా ఆ రోజు, ఇంకొక్కసారి చెయ్యి.

ఇవాళే ఎందుకు బతకాలి ఇది అంటే, ఇవాళే తేలాలి గనక. సంరక్షణాలయంలో మంచం ఒకటి ఖాళీ అయిందని పొద్దున్న ఫోన్ వచ్చింది, సాయంత్రంలోగా చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆయన తినడం మానేసి కొన్నాళ్ళయింది, గులాబీరంగు పాకం పూసిన పర్షన్ బన్ను ఆయనకి ప్రాణం, ఆదివారం ఆదివారం పెట్టెడు తెచ్చుకునేవాడు, నిన్న తెచ్చి పెడితే పాకం మీద వేలు కూడా పెట్టలేదు. పొద్దున్న పెర్రీ ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నాన్నా, అక్కడికి వెళ్తావా, నీకు అదే నయమనిపిస్తోందా?" అని అడిగితే ఆయన మొహం తిప్పుకోలేదు, ఎడమచెయ్యెత్తి తలుపు పక్కన ఇంకా సగం విప్పని తన ఆసుపత్రి సంచీని చూపించాడు. వంటింట్లోకి వచ్చి పెర్రీ కళ్ళు తుడుచుకున్నాడు. "నీ తప్పు కాదు డోరీన్" అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. "పని నుంచి సాయంత్రం నీకు ఫోన్ చేస్తా, తర్వాత వాళ్ళకి చేస్తా" అని వెళ్ళిపోయాడు. లోర్నా నిన్ననే ఊళ్ళోకి వచ్చింది, మంచుతోడే బండి తన వీధికి రాగానే బయల్దేరతానంది. బండి ఎప్పుడొస్తుంది, లోర్నా ఎప్పుడొస్తుంది, ఆ స్పాంజి ఫిల్టర్లో పడితే అమ్మగారు తేరుకుంటుంది, అమ్మగారు లేచి తిరిగితే ఆయన ఇటు తిరుగుతాడు, ఇటు తిరిగితే ఉంటాడు. ఆయన ఉండాలి. ఎందుకో తెలియదు, తెలుసు, ఈ మధ్యాహ్నాలు ఆమెకి అలవాటైపోయాయి, ఆయన మొహానికి నురగ పూసి గడ్డం గీయడం, పొద్దు వాలేదాకా ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా కూర్చోవడం. మాట్లాడని మనిషి పక్కన కూర్చోవడం కష్టమని ఇన్నేళ్ళూ అనుకుంది, అది కష్టం కాదు, వదులుకోవడం కష్టం. ఆయన ఆ సంచీతో వెళ్ళిపోయాడంటే తన చేతి శుభ్రమే ఆయన్ని గడప దాటించినట్టు, ఇక ఈ చేతులతో ఏం ముట్టుకోవాలి, ఎవరి పక్క మార్చాలి.

ఆమె ఆ చేతుల్నే చూసుకుంటూ ఉండిపోయింది, తొట్టిలో నీళ్ళు నిలకడకి వచ్చాయి, మళ్ళీ తలెత్తేసరికి అమ్మగారు ఇందాక ఉన్నట్టే ఉంది, అలాగే ఒరిగి, అలాగే కన్ను తెరిచి. మొప్ప మాత్రం కదలడం లేదు. అదుగో కదిలింది. లేదు. గాజుకి మొహం ఆనించి ఊపిరి బిగబట్టి చూసింది, తన ఊపిరికి గాజు మసకబారిపోతుందని. వీధి తలుపు దబదబా కొట్టిన చప్పుడు, తలుపు తియ్యగానే చలీ లోర్నా కలిసే లోపలికి వచ్చారు, టోపీ మీద మంచు, చేతుల్లో ఏమీ లేదు. "స్పాంజి ఏది?" అంది డోరీన్, పలకరింపు కూడా లేకుండా. "ఇక్కడుంది, ఆగవే" అని లోర్నా కోటు బొత్తాలు విప్పి, చొక్కా మీద పొట్టకి తువ్వాలుతో కట్టుకున్న సంచీ ఒకటి తీసింది. "ఈ చలికి గడ్డకట్టిందంటే లోపలున్నవన్నీ పోతాయి. మా వీధి చివర జనం నన్ను చూసి, ఈ ముసల్దానికి ఈ వయసులో కడుపేమిట్రా అనుకుని ఉంటారు." నవ్వబోయి, డోరీన్ మొహం చూసి ఆగిపోయింది. బూట్లతోనే నడుచుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చి, వంగి చూసింది. చెయ్యి ముంచి అమ్మగారి పొట్ట కింద వేలు పెట్టి లేపింది. వదిలింది. చేప కదలకుండా, నెమ్మదిగా కిందికి దిగింది.

"పోయింది తల్లీ" అంది లోర్నా. "ఇప్పుడే పోయింది. మొప్పలు ఎప్పుడో ఆ విషానికి కాలిపోయాయి దీనికి. నేను నిన్న వచ్చినా ఆగేది కాదు."

డోరీన్ వెళ్ళి చక్రాల కుర్చీకీ కిటికీకీ మధ్యన మోకాళ్ళ మీద కూర్చుంది, ఆయన చూపు తప్పించుకోలేని చోట. ఇంతకాలం ఆమె ఆయన మొహం చూడలేకపోయింది, ఇప్పుడు చూసింది, గీసిన గడ్డం, ఒకపక్కకి జారిన పెదవి, నీటిరంగు కళ్ళు. "ఐమో, అమ్మగారు పోయింది. నేనే చంపాను. మీరు చెప్తూనే ఉన్నారు, నాకు అర్థం కాలేదు. బాగుచేద్దామనుకున్నాను, మీకోసం, అన్నిటినీ చంపేశాను." ఏడవకూడదనుకుంది, ఏడ్చేసింది, ముక్కు చీదుకోడానికి గుడ్డ కూడా లేదు. ఆయన ఆమెని చూశాడు. కోపం కాదు, జాలీ కాదు, అలా చూస్తూనే ఉన్నాడు. వెనకాల లోర్నా సాసర్ వెతికి అమ్మగారిని అందులో పడుకోబెట్టి, పైన చేతిరుమాలు కప్పి, స్పాంజి సంచీని మళ్ళీ తువ్వాల్లో చుట్టడం మొదలుపెట్టింది. "ఇక దీన్ని ఇక్కడుంచి లాభం లేదమ్మాయ్. చేప లేకపోతే దీనికి తిండి లేదు, వట్టినీళ్ళలో పడేస్తే ఇదీ చస్తుంది. పట్టుకుపోయి నా తొట్టిలోనే వేసుకుంటా." కోటు బొత్తాలు పెట్టుకోసాగింది.

"నో నీన్."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఎన్నాళ్ళకి విన్న గొంతో, బొంగురుగా, గట్టిగా, ఎలివేటర్లో అవతలి అంతస్తుకి కేకేసినట్టు. ఎడమచెయ్యి కుర్చీలోంచి వెనక్కి చాచి ఉంది, వేళ్ళు తెరిచి. "ఏంటయ్యా?" అంది లోర్నా. "చేపల్లేవు చూడు, ఎవరికోసం?" ఆ చెయ్యి దిగలేదు. డోరీన్ లేచి కుర్చీని తిప్పింది, తొట్టి వైపు, తోసుకుంటూ తెచ్చి గాజుకి ఆనించింది. లోర్నా స్పాంజి తీసి ఆయన చేతిలో పెట్టింది. నల్లగా, జిగటగా, చెరువు అడుగు వాసన వేస్తోంది. ఆయన దాన్ని తొట్టి మీదికి ఎత్తి, ఉన్న ఒక్క చేతి గుప్పిట్లో ఉన్న బలమంతా పెట్టి పిండాడు. గోధుమరంగు మురికి ఆ తళతళలాడే నీళ్ళలోకి మబ్బులా దిగింది, రాళ్ళ మీద, గాజు మీద, ప్రతి మూలా. డోరీన్ చెయ్యి తనంతట తనే గుడ్డ కోసం వెళ్ళబోయింది, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆపుకుంది. ఆయన స్పాంజిని ఆమెకిచ్చాడు. ఆమె కడగకుండా, తుడవకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు ఫిల్టర్లో పెట్టింది, గోళ్ళసందుల్లో నల్లగా అంటుకుంది.

అప్పుడు ఆయన వేలు గూట్లో ఉన్న మేత డబ్బా వైపు చూపించింది. డోరీన్ ఆ డబ్బానీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. మతి పోయిందా, చేప పోయిన సంగతి తలకెక్కలేదా, ఇదొక్కటే తక్కువయిందా దేవుడా. "ఐమో, అమ్మగారు లేదు" అంది, సాసర్ వైపు చూపిస్తూ, మెల్లిగా. ఆయన సాసర్‌ని చూశాడు. చాలాసేపు చూశాడు, రుమాలు కింద ఒక నల్లపట్టీ కొంచెం బయటికి కనిపిస్తోంది. మళ్ళీ డబ్బా వైపే చూపించాడు, ఈసారి విసుగ్గా. ఆమె మూత తీసి పట్టుకుంది. ఆయన చిటికెడు తీసి నీళ్ళమీద చల్లాడు. మేత రేకులు తేలాయి, తిరిగాయి, కిందినుంచి ఏదీ రాలేదు, ఆ రాకపోవడం చూడలేక డోరీన్ కళ్ళు మూసుకుంది.

"ఓరి ముసలాడా" అంది లోర్నా. బూట్లూ కోటూ విప్పకుండానే నేలమీద చతికిలబడింది. "మతి పోవడం కాదే పిల్లా. ఆ మేత కుళ్ళుతుంది. కుళ్ళితే చేప విడిచేదే అదీ విడుస్తుంది, దాన్ని తిని ఈ మురికి బతుకుతుంది. తొట్టిని నిలబెడుతున్నాడు. చేప లేకుండా నిలబెడుతున్నాడు. మాలో ఎవరికీ ఇంత ఓపిక లేదు, రోజూ చిటికెడు వెయ్యాలి, రోజూ నీళ్ళు చూసుకోవాలి, మంచు కరిగేదాకా పట్టొచ్చు. అప్పటికిగానీ ఇందులో ప్రాణమున్నదేదీ వెయ్యకూడదు."

ఆయన డబ్బాని డోరీన్ వైపు నెట్టాడు. ఆమె చెయ్యి పెట్టి తీసింది, నలుగురికి వడ్డించే చెయ్యి అది, ఎక్కువే తీసింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆమెని ముట్టుకోవడం అదే మొదలు. ఆమె వేళ్ళని డబ్బా మీదికి తెచ్చి, సగం రాల్చి, ఇంకా కొంచెం రాల్చి, మిగిలినదాని మీద ఆమె బొటనవేలినీ చూపుడువేలినీ దగ్గరికి నొక్కి పట్టుకున్నాడు, ఇంతే, ఇంతకి మించకూడదు అన్నట్టు, అది ఆమెకి తెలిసేదాకా వదల్లేదు. తర్వాత ఆ చిటికెడు కూడా నీళ్ళలో వెయ్యనివ్వలేదు, తలడ్డంగా ఊపి తిరిగి డబ్బాలోనే వేయించాడు. ఇవాళ్టిది అయిపోయింది. డబ్బా మూత పెట్టించుకుని, దాన్ని తన ఒళ్ళో, దుప్పటి మడతలోకి లాక్కున్నాడు.

ఫోన్ మోగింది. మురికి చేత్తోనే తీసింది డోరీన్. అవతల పెర్రీ, వెనకాల ఏదో యంత్రాల చప్పుడు, "ఏమైంది, చేప ఎలా ఉంది?" అన్నాడు.

"పోయింది" అంది.

"సరే" అన్నాడు, బరువుగా. "అయితే వాళ్ళకి ఫోన్ చేస్తాను. మంచం తీసుకుంటామని చెప్తాను."

"వద్దని చెప్పు."

"డోరీన్, వినవే, నాన్నే కదా పొద్దున్న సంచీ చూపించాడు—"

"వద్దని చెప్పు పెర్రీ" అంది డోరీన్. "రేపు మీ నాన్నకి ఇక్కడ పనుంది."